కళ్ళు మూసుకుని చదివిన పారాయణం

శుక్రవారం, రాత్రి

కోడలు నా లాప్‌టాప్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసినప్పటి నుంచి వైఫై ఉన్నట్టుండి తెగిపోతోంది. సాయంత్రం, ప్రతి శుక్రవారం జరిగే అమ్మవారి ఆన్‌లైన్ పారాయణంలోనూ అంతే. నేను ముందు చదివితే మిగతావాళ్ళు మైకులు ఆపుకుని వెంట అంటారు. కళ్ళు మూసుకుని చదువుతాను కాబట్టి తెగిన సంగతే నాకు తెలియలేదు. చివరిదాకా చదివి కళ్ళు తెరిస్తే తెర మీద ఎవరూ లేరు.

మళ్ళీ కలిసేసరికి సరోజ హారతి ఇస్తోంది. ఆమెకు అక్షరం అక్షరం పలకడం నేర్పింది నేనే. నేను వచ్చింది చూసుకోలేదు కాబోలు, "అక్క లాప్‌టాప్ ఎప్పుడూ ఇంతేనప్పా. వచ్చే వారం నుంచి నేనే చదివిస్తా" అని అందరికీ చెప్పింది. ఒక్కరూ వద్దనలేదు. హారతి కళ్ళకద్దుకుని బయటికి వచ్చేశాను.

తర్వాత కోడలు చూసింది. బ్యాటరీ ఆదా కోసం కంప్యూటరే వైఫైని ఆపేస్తోందట. ఎక్కడో ఒక టిక్కు తీసేసి, "ఇంక తెగదులే అత్తమ్మా" అంది. నిజంగానే తెగలేదు. బాగైందని సరోజకు మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబు ఇవ్వలేదు.

దేవుడి ముందు కూర్చున్నా ఆమె మాటే చెవిలో మోగుతోంది. వచ్చే శుక్రవారం ఆమె చదివితే వెంట నేను అనాలి. అంటాను, అమ్మవారి నామమే కదా. కళ్ళు మూసుకోగలనో లేదో...