కారు అద్దం, పెళ్ళి గంప

కారంపూడి,
3-2-1986

నరసరావుపేటలో నాపరాళ్ళ వ్యాపారం చేసుకుంటున్న బావ గోపాలకృష్ణయ్య గారికి బావమరిది చిన్నకోటయ్య నమస్కారాలు.

తమరు కారు కొన్నారని విన్నాం, సంతోషం. మొన్న ఇక్కడి బస్టాండు దగ్గర కళ్ళారా చూశాం కూడా. స్టీరింగు అందరిలా కుడిపక్క కాకుండా ఎడమపక్క ఉంది, ఫారిన్ కారు కదా! నేను తుండుగుడ్డ ఊపుకుంటూ దగ్గరికొస్తే అద్దం కూడా దించలేదు. లోపల్నుంచి నోరాడించి, చెయ్యి ఇలా తిప్పి, 'పో పో' అని వెళ్ళిపోయారు. "ఏంది కోటయ్యా, మీ బావ నిన్ను గుర్తుపట్టలా?" అని టీకొట్టు కాడ అందరూ అడిగితే నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఫాల్గుణంలో హైమ పెళ్ళికి నన్ను లెక్కలో వేసుకోకండి. మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావడానికి ఇంకో మనిషిని చూసుకోండి.

ఇట్లు,
అద్దం అవతలివాడు,
చిన్నకోటయ్య

తా.క.: మా అక్కను అడిగానని చెప్పండి. ఆమెకూ నాకూ మధ్య అద్దం లేదు.


నరసరావుపేట,
8-2-1986

చిరంజీవి చిన్నకోటయ్యకు మీ బావ ఆశీస్సులు.

ఒరేయ్, కాస్త నా మాట విను. ఆ అద్దానికి చేత్తో తిప్పే పిడి లేదు. మీట నొక్కితే తలుపులో ఉన్న మోటారు దించుతుంది. మద్రాసులో నాకు సెకండ్ హ్యాండులో అమ్మినవాడు చక్కగా దించి చూపించాడు. నీ ముందుకొచ్చేసరికి మొరాయించింది. వెనక బస్సువాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడుస్తున్నాడు. నేను చెయ్యి తిప్పింది 'పో' అని కాదు, 'తిప్పుకొస్తా, ఉండు' అని. తిప్పుకొచ్చేసరికి నువ్వు లేవు.

కారు జాన్ సాహెబ్ షెడ్డులో పెట్టాను. తలుపు లోపలి అట్ట ఊడదీసి చూశాడు. మోటారు బాగానే ఉందట. తలుపు తెరిచి మూసే మడత దగ్గర, రబ్బరు గొట్టం లోపల వైరు తెగింది. అతికించాడు. ఇప్పుడు అద్దం దిగుతోంది, ఎక్కుతోంది. వచ్చే ఆదివారం నేనే వచ్చి పద్ధతిగా పిలుస్తాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: వీధి చివరిదాకా అద్దం దించుతూ ఎక్కిస్తూ వెళ్ళొచ్చాను. మీ అక్క "ఈయనకేమైందో" అని లోపలికి పోయింది.


కారంపూడి,
18-2-1986

బావగారికి,

ఈసారి నమస్కారం లేదు.

ఆదివారం వచ్చారు. అద్దం దిగింది, నిజమే. మనిషి దిగలేదు. ఇంటి ముందు కారు ఆపి, తల బయటపెట్టి, శుభలేఖా కుంకుమభరిణా కిటికీలోంచి అందిస్తారా? బస్సులో పల్లీలు అమ్మేవాడు కూడా లోపలికొచ్చి అమ్ముతాడు! మా నాగమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో అట్లాగే నిలబడిపోయింది. "దిగు బావా" అని నేనంటుంటే తమరు తలుపును భుజంతో గుద్దుతూ అదేదో నవ్వు నవ్వారు. అందుకే లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. మా తలుపుకు మోటారు లేదు, బాగానే పడుతుంది.

గంప మాట మళ్ళీ ఎత్తొద్దు.

చిన్నకోటయ్య

తా.క.: శుభలేఖ అరుగు మీదే ఉంది. దాని మీద కోడి కూర్చుంది. నేను లేపలేదు.


నరసరావుపేట,
21-2-1986

ఒరేయ్ కోటయ్యా, నీకు దండం పెడతాను, ఇది చివరిదాకా చదువు.

నేను దిగకపోవడం కాదు, దిగలేకపోయాను. జాన్ సాహెబ్ అట్ట తిరిగి బిగించేటప్పుడు లోపలి పిడికి కమ్మీని పట్టి ఉంచే క్లిప్పు మరిచిపోయాడు, మీ ఊరి దారి కుదుపులకు కమ్మీ ఊడిపోయింది. అంతా బిగించాక రెండు స్క్రూలు, ఒక క్లిప్పు మిగిలాయి. "ఫారిన్ వాళ్ళు ఎక్కువే పెడతార్లే సార్" అన్నాడు, నేనూ నమ్మాను. నీ గుమ్మం ముందు పిడి ఎంత లాగినా తలుపు రాలేదు. అవతలి సీటు నిండా పెళ్ళి బిందెలు. నా కారు తలుపు నాకే రాలేదని చెప్పడానికి సిగ్గేసి నవ్వాను. మళ్ళీ అట్ట విప్పించి, కమ్మీ తగిలించి, మిగిలినవి కూడా వాటి చోట బిగించాం.

హైమ సరిగా అన్నం తినడం లేదు. "మామయ్య రాకపోతే నాకు గంపే వద్దు, నడిచొస్తా" అంటోంది. నా మీద ఎంత కోపమైనా చూపించు, పిల్ల మీద వద్దు.

నీ బావ

తా.క.: "అద్దం దిగే ఉందిగా సార్, చెయ్యి బయటపెట్టి బయటి పిడి లాగితే తలుపొచ్చేదిగా" అన్నాడు జాన్ సాహెబ్. ఈ సంగతి మీ అక్కకు తెలియనివ్వకు.


కారంపూడి,
26-2-1986

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చానా నవ్వాను. పిల్ల అన్నం తినడం లేదన్న చోట ఏడుపొచ్చింది. అద్దం మాట, తలుపు మాట వదిలెయ్. ఆ కోపం ఏనాడో పోయింది. నాకొక వంక కావాల్సివచ్చింది, నీ కారు దొరికింది.

కిందటేడు మిరపకాయల బస్తా ఎత్తుతూ నడుం పట్టి పడిపోయాను కదా. తగ్గిందని అందరికీ చెప్పుకున్నాను, తగ్గలేదు. బిందెడు నీళ్ళు కూడా నాగమ్మే మోస్తోంది. మా మేనమామ మా అక్కను గంపలో పెట్టి ఒంటిచేత్తో తెచ్చాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలుగురిలో నేను హైమను కింద పడేస్తే? భయమేసింది బావా. అందుకే రానన్నాను. ఈ సంగతి దానికి చెప్పొద్దు.

ఇట్లు,
నీ చిన్నకోటయ్య

తా.క.: శుభలేఖ తీసి దేవుడి దగ్గర పెట్టాను. కోడి గుడ్డు పెట్టింది. శుభమేగా.


నరసరావుపేట,
2-3-1986

చిన్నకోటయ్యకు బావ ఆశీస్సులు.

హైమకు చెప్పేశాను. నా కడుపులో మాట ఆగదని నీకు తెలుసు.

మీ మేనమామ గురించి ఒకటి చెబుతా విను. మా పెళ్ళిలో నేను అడ్డుతెర వెనక కూర్చున్నాను. మనుషుల ముఖాలు కనపడవు, తెర కింద నుంచి కాళ్ళు మాత్రం కనపడతాయి. గంప వచ్చినప్పుడు దాని చుట్టూ నాలుగు జతల కాళ్ళున్నాయి! తర్వాత ఆయన మీసం తిప్పుకుంటూ ఒక్కణ్ణే మోశానని చెప్పుకుంటుంటే, కొత్తల్లుణ్ణి, ఏమంటాను? నిన్న మీ అక్కను అడిగాను. "గంపలో కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?" అంది. పాపం, పెద్దాయన సంతోషం చెడగొట్టడమెందుకని తనూ ఇన్నేళ్ళూ ఊరుకుంది.

మోసేవాళ్ళు మనకు చాలామంది ఉన్నార్రా. గంప అంచు మీద మేనమామ చెయ్యి ఉండాలి, అంతే. వచ్చే శుక్రవారం మీ ఇంటికొచ్చి, నాగమ్మ చేతి మంచినీళ్ళు తాగి, మిమ్మల్నిద్దర్నీ తీసుకొస్తాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: కాగితంలో మిగిలిన చోటు హైమ లాక్కుంది.

మామయ్యా, గంపలో నాకు తప్పకుండా ఏడుపొస్తుంది. తుడవడానికి నువ్వు పక్కనే ఉండాలి. చిన్నప్పుడు మిరపకళ్ళంలోంచి వచ్చి అదే చేత్తో నా కళ్ళు తుడిచావు, పొద్దుగూకేదాకా ఏడ్చాను. ఈసారి చేతులు కడుక్కుని రా.