గడ్డ తాగిన చక్కెర

హైదరాబాదు, 14-8-2007

చి॥ చినబాబును అన్నయ్య దీవించి వ్రాయునది. మీ వదిన కాలు తీసివేస్తారని దిగులుపడకు. పరగడుపున రమ్మంటే, ఆమె నీవు పంపిన బలిఘట్టం గుడి ప్రసాదం బెల్లంముక్క తిన్నందున మొన్న స్కాన్ ఆపివేశారు. "దేవుడి పెసాదం కూడా తిండేనేటమ్మా?" అని నర్సునే నిలదీసింది.

నిన్న చక్కెర వంటి మందును నరంలోకి ఎక్కించి స్కాన్ తీశారు. తొడలోని క్యాన్సర్ గడ్డ దానిని ఎంత పీల్చుకొన్నదో యంత్రం అంకెలలో చూపినది. చికిత్సకు ముందు పన్నెండు, ఇప్పుడు నాలుగు; అంకె తగ్గితే మందుకు గడ్డ లొంగుతున్నట్టేనట. కత్తి తగలకుండానే రోగాన్ని తూచిన ఆ విద్యకు అప్రయత్నంగా చేతులు జోడించాను. ఆ అంకెను బట్టి ఆమెకు ఇవే మందులు కొనసాగించి, గడ్డను మాత్రమే తొలగిస్తారట.

ఇకపై బెల్లం పంపవద్దు. చెరకుకు నీరు అందుతున్నదా? మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు. ఇంటివద్ద వదలి వచ్చిన మీ వదిన చెప్పులు రెండూ పంపించు.

ఇట్లు,
పెదబాబు