మరియమ్మ గరాజ్‌లో మేరీ మాత

ఆదివారం రాత్రి, అమెరికాలో ఎడిసన్

ఈ రోజు చర్చిలో నా పరువు పోలేదు. పోయుంటే బాగుండేది.

నన్ను చర్చికి తీసుకెళ్లే పిల్ల మరియమ్మ దగ్గరున్న చెక్క బొమ్మని ఫాదర్ పట్టుబట్టి మ్యూజియమావిడకి చూపించాడు. ఆవిడ వచ్చి చెప్పింది. జర్మనీలో చెక్కిన మేరీ మాతంట, ఐదొందల ఏళ్లంట. చెక్క ఎండి పగలకుండా ఆ రోజుల్లో వీపు వైపు దొలిచేసేవాళ్లంట.

ఆ దొలిచిన వీపు చూసే కదా క్రిస్మస్‌కి ముందు, ఫాదర్ లేనప్పుడు, అందరిలో నవ్వాను. "టేకు తలుపులు చేసి ముసలోణ్ణయ్యాను, నాకు చెప్పకు. లోపలంతా డొల్ల. ఇది షాపు సరుకు, నిన్నెవరో మోసం చేశారు" అన్నాను. మరియమ్మ నర్సుగా చూసుకున్న ముసలావిడ పోతూ ఇచ్చిన బొమ్మ అది. చర్చికి ఇద్దామని తెచ్చిన పిల్ల, సిగ్గుపడి తీసుకెళ్లి గరాజ్‌లో హీటర్ పక్కన పడేసింది. చలికాలమంతా ఆ వేడికి మాత చెంప నిలువునా పగిలింది.

"గరాజ్‌లో ఎందుకు పెట్టావమ్మా?" అన్నాడు ఫాదర్.

"నా బుద్ధి తక్కువ ఫాదర్" అంది. నా వైపు చూడను కూడా లేదు. నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను.

ఎప్పట్లాగే తనే కార్‌లో దింపింది. తప్పు నాదేనని దారంతా చెబుదామనుకున్నా. ఇంటి ముందు దిగి, డోర్ పట్టుకుని నోరు తెరిస్తే వచ్చిన మాట, "మంచు పడుతోంది, మెల్లగా పో."

"సరే బాబాయ్. వచ్చే ఆదివారం తొమ్మిదికి రెడీగా ఉండు" అంది.

రెడీగానే ఉంటాను. ఆ పిల్ల పక్క సీట్లో ఎట్లా కూర్చోవాలో...