మొద్దు అన్నది నేనే

బుధవారం, రాత్రి

లెక్కల్లో వెనకబడ్డ మా శ్రావణిని ట్యూషన్ కోసం పొద్దున నల్గొండలో ఒక సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక్క లెక్కన్నా అడగలేదు. మార్కుల కాగితం చూసి, "గీ పిల్లకు లెక్కలు రావు, ఊకె తిప్పకు" అని మొహం మీదే అన్నాడు. అట్లాంటి వాడి ముందు చేతులు కట్టుకుని నేనేమన్నాను? "అవ్ సార్, జర మొద్దు. మీరే చెప్పాలె." పిల్ల పక్కనే ఉంది. థూ, సిగ్గులేని బతుకు!

ఇంటికొచ్చి, చీర నూలుకు రంగులో ముంచే ముందు, పువ్వు పడే చోట రంగు అంటకుండా రబ్బరు కట్లు కడుతున్నాను. శ్రావణి ఆ చీర నమూనా గీసిన గ్రాఫు కాగితంలో గళ్లు లెక్కపెట్టి, "బాపూ, గీ పువ్వుకు రెండు కట్లు తక్కువైనయి" అంది.

ఎంచి చూశాను. సరిగ్గా రెండే. మెచ్చుకుందామంటే నోరు పెగల్లేదు. పొద్దున మొద్దు అన్నది ఈ నోరే కదా.