భాగస్వామి వేలిముద్ర

జూన్ 3

రాయి కోడలా. చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు. ఏ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాయించమన్నాడు ప్లీడరు. నాకు అక్షరం ముక్క రాదు. నోరుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు పింగాణీ ఫ్యాక్టరీలో పళ్లేల అంచులు రుద్దాను. కాల్చని పళ్లెం అంచు గరుకుగా ఉంటుంది. తడిపిన ఉప్పు కాగితం బొటనవేలి కింద పెట్టి చుట్టూ తిప్పాలి. రోజుకి ఆరు వందల పళ్లేలు. పోయిన నెల గేటు దగ్గర ఆపేశారు. గ్రాట్యుటీ అడిగితే, నువ్వు వర్కరువి కాదు, కంపెనీలో భాగస్వామివి అన్నారు. భాగస్వామికి గ్రాట్యుటీ ఉండదట. ఆ కాగితం మీద నా వేలిముద్ర ఉందట.

“నా భాగం ఏదిరా, చూపించు” అన్నాను. వాచ్‌మన్ నవ్వాడు.

జూన్ 9

ప్లీడరు మన ఇంటి పళ్లెమే బోర్లించి సుద్దముక్కతో గీశాడు. ఒకప్పుడు అమ్మకం డబ్బులో పనివాళ్ల వంతు ఇంత అని మూడో వంతు చూపించాడు. తరవాత పనివాళ్ల లెక్క తక్కువ చూపడానికి ఒకే షెడ్డుకి మూడు కంపెనీల బోర్డులు పెట్టారు. యూనియన్ పోయింది, దాని గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పేరుస్తున్నారు. రెండేళ్ల కిందట చట్టమూ మారింది, భాగస్వాములని రాసుకుంటే చాలు, జీతాల లెక్కే అడగరు. ఇప్పుడు మన వంతు ఇంత అని సన్నగా గీశాడు. పళ్లెం మాత్రం పెద్దదైందట.

ఆ గీత మీద అన్నం పెడితే ఎన్ని మెతుకులు నిలుస్తాయని అడిగాను. ఆయన సుద్ద తుడిచేశాడు.

జూన్ 10

దేశం ఎనిమిది శాతం పెరిగిందని రేడియోలో చెప్పారు. కట్టెయ్యమన్నాను.

జూన్ 17

ప్లీడరు ఆ కాగితం నకలు తెచ్చాడు. ముద్రలో గీతలు దువ్విన జుట్టులా ఉన్నాయి. నా బొటనవేలు పదేళ్లుగా గోలీలా నున్నగా ఉంది, బ్యాంకు మెషీన్ కూడా ఒప్పుకోదు. అది నా వేలు కాదు. కేసు గెలిచినట్టే అన్నాడు. నాలాగే భాగస్వాములని రాసిన నలభై మందికి దారి దొరుకుతుందన్నాడు.

కోడలు మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. ఇదీ రాయి.

జూన్ 18, సాయంత్రం

కోడలు చెప్పింది. రెండేళ్ల కిందట ఆ కాగితం వచ్చిన రోజు నాకు జ్వరం. సూపర్వైజరు వచ్చి, ఇది బోనస్ కాగితం, ఇవాళే ఆఖరు, మీ అత్త వేలు ఎలాగూ పడదు, నువ్వు వేసెయ్ అన్నాడట. కోడలూ అక్కడే పనిచేస్తుంది, తనదీ వేసింది, నా పేరు దగ్గరా తన వేలే వేసింది. కాగితం పైభాగం మడిచి పట్టుకున్నాడట.

చదువొచ్చినదానివి, విప్పి చూడలేదేం అన్నాను.

“బోనస్ వస్తే మీకు కళ్లజోడు కొందామనుకున్నా అత్తయ్యా.”

సగంలో కలం పడేసి వెళ్లింది. వెనకే వెళ్లి కలం మళ్లీ చేతిలో పెట్టాను.

జూన్ 19

వేరేవాళ్లు వేసిన ముద్ర అని తేలితే వాళ్లకేం అవుతుందని ప్లీడరుని అడిగాను. ఫోర్జరీ, జైలు అన్నాడు. సూపర్వైజరు వేయమన్నాడని అంటే? సాక్ష్యం కావాలి అన్నాడు. అడిగింది ఎవరి కోసమో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

జూన్ 24

ఆ కాగితం మీది వేలిముద్ర నీదేనా అని జడ్జి అడిగారు. నాదే అన్నాను. అప్పటికింకా నా వేలు అరగలేదు అన్నాను.

రాయవే. కళ్లు తుడుచుకుని రాయి.