కింది పొలానికి ముందు నీళ్లు

శ్రావణమాసం, శనివారం.

నడుము ఇరిగినట్టున్నది. అయినా రాసే పండుకుంట.

కాలువ మొదట్ల మా పొలం, చివర యాదమ్మది. ఏటా పైనున్నోళ్లం తడుపుకున్నంక మిగిలితేనే కిందికి నీళ్లు. తన నారు ముదిరిపోతుంటే ఆమె మా మళ్లల్ల కూలికి నాటేసేది. ఆమెకు పంట పండకుంటే "వాళ్లకు సాగు చేతగాదు" అని మేమే అనేటోళ్లం. కాలువ వస్తాందని మా తాతకు ముందే తెలిసింది, మంచి జాగా కొన్నడు. మా తెలివి గంతే!

పోయిన వారం ఊరోళ్లందరు కూసున్నప్పుడు నేనే లేచి, "ఈసారి కింది నుంచి పారిద్దాం" అన్న. ఈ ఒక్క ఏటికి ఒప్పుకున్నరు. బాపు రెండు రోజులు నా మీద కోపం చేసిండు. మూడో పొద్దు పార పట్టుకపోయి మా పొలంలకు నీళ్లు రాకుంట మడవ తనే కట్టేసి వచ్చిండు. "నన్నేం అడగకు" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల యాదమ్మ వాకిట్లకొచ్చింది. "పటేలమ్మా, సోమవారం మీ నాటుకు కూలికి రాను, బదులు వస్త. ఇయ్యాల నువ్వు నా పొలానికి రావాలె."

బదులంటే సరిసమానమైనోళ్లు ఒకరి పొలంల ఒకరు చేసుకునే పని. ఇన్నేండ్లల మా ఇంటిని ఎవరూ అడగలే.

పోయిన. నేను నాటిన సాలు వంకర పోతే యాదమ్మ నవ్వి సరిచేసింది. పైనోళ్లు అప్పుడే గొణుగుతున్నరు. వచ్చే ఏడు ఈ వంతు నిలుస్తదో లేదో...

కూలోళ్లకు మేం అన్నం బయట అరుగు మీద పెడ్తం. మరి బదులొచ్చేటామెకు?

బాపును అడగలే. సోమవారానికి బాపుకు, నాకు, ఆమెకని లోపల మూడు పీటలు కడిగి పెట్టిన.