కాడి ఉన్న బ్యాటరీ బండి

రఘునాథపల్లి,
20 సెప్టెంబర్ 2011.

చిన్నబాపుకు,

మీ అన్న కూతురు భవ్య నమస్కారాలతో రాస్తున్నది. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు అయిదేళ్ళు. అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు, కళ్ళద్దాలు వచ్చాయంతే.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారు. బాపు ఒప్పుకోలేదు. రేగొండ దగ్గర మీరిద్దరూ మాట్లాడుకోవద్దని ఒట్టు పెట్టుకున్నారు కదా. "రాయొద్దని ఒట్టు లేదు. నువ్వు రాయి" అన్నాడు. నాకూ అదే నయం. ఫోనులో ఎదుటివాళ్ళు మాట ఆపినప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు. తెలంగాణ కోసం జరిగే ఈ సమ్మెలో బస్సులు ఆగినా పోస్టాఫీసు ఆగలేదు కనుక ఈ ఉత్తరం అందుతుందని ఆశ.

సంగతి మన బండ్ల కొట్టం గురించి. రెండేళ్ళుగా ఒక్క ఎడ్లబండి పని కూడా రాలేదు. ఊరంతా ట్రాక్టర్లకు మారింది. సమ్మె అయిపోగానే బాపు భూపాలపల్లి పోతానంటున్నాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర స్లాబులకు చెక్కలు కొట్టే పని ఉందట. పోయే ముందు కొట్టం విప్పేస్తాడు. తాత పనిముట్లలో సగం మీవి, వచ్చి తీసుకుపోవాలని రాయమన్నాడు.

కాలేజీ మూతపడింది. నేను రోజూ కొట్టంలోనే కూర్చుని చదువుకుంటాను. ఇరుసుకు పూసే ఆముదం వాసన ఇంకా ఉంది. అది లేకుండా పోతుందంటే నాకు బాగాలేదు. ఇది నా మాట, బాపు మాట కాదు.

మీరు బ్యాటరీ ఆటో తయారు చేస్తున్నారని బాపు విన్నాడు. అది నడిదారిలో ఆగిపోతే ఎడ్లను కట్టుకునే ఏర్పాటు ఉంటే మేలని బాపు అభిప్రాయం.

ఇట్లు,
భవ్య

తా.క.: బాపు చెప్పినదాన్ని కొంచెం సర్ది రాశాను. వ్యాకరణం కోసమే.


మహబూబాబాద్,
24 సెప్టెంబర్.

బిడ్డ భవ్యకు,

చిన్నబాపు యాకయ్య దీవెనలు. నీ లెక్క నాకు పుస్తకం భాష రాదు, మాట్లాడినట్టే రాస్త. నీ ఉత్తరం చదివి కవర్ మీద పేరు మల్ల చూసిన. నా అన్న నాకు అభిప్రాయం పంపుడేంది?

రేగొండ సంగతి నీకు యాదికుందో లేదో. అందరం మేడారం జాతరకు పోతున్నం. నువ్వు అవ్వ పక్కన, అమ్మవార్లకు మొక్కిన బెల్లం ముద్దల నడుమ కూసున్నవ్. సగం బెల్లం నువ్వే నాకినవ్. రేగొండ కాడ చక్రానికి ఇనుప పట్టా వదులైంది. "రబ్బరు టైర్లు ఏపిస్తె గిట్ల కాకపోవు గద" అన్న నేను. "రబ్బరు గావాల్నా? గట్లయితె రబ్బరు మీదనే పో" అన్నడు మీ బాపు. ఎదురుంగ లారీ వచ్చింది, ఎక్కిన. పదిహేనేండ్లయింది బిడ్డా, ఇంక దిగలే.

గిక్కడ ఆటోలకు బాడీలు కట్టుకుంట బతికిన. ఇప్పుడు బ్యాటరీ ఆటో పట్టుకున్న. సప్పుడు లేదు, పొగ లేదు. ముందుముందు గివే నడుస్తయ్, నువ్వు చూడు. ఒక్కటే బాధ, రేకు బాడీ బరువైతాంది, బండి దూరం పోతలేదు. మీదికెళ్ళి భూపాలపల్లిల బొగ్గు బాయిలు బందు, కరెంటు ఎప్పుడు వస్తదో తెల్వది. తిడ్దామంటే రోజూ సమ్మె శిబిరంల ముందట కూసునేది నేనే.

గందుకే అన్న అభిప్రాయం మంచిగ కొట్టింది. బండి ముందట ఇనుప నొగ, దానికి కాడి తగిలిచ్చేతందుకు కొక్కెం వెల్డింగ్ చేపిస్తున్న. కాడి మాత్రం నాతోని కాదు. మీ బాపు ఇంకా చెక్కుడు మర్చిపోకుంటె ఒకటి చెక్కి పెట్టుమను.

ఉంట మరి,
యాకయ్య

తా.క.: మీ బాపు వ్యాకరణం నాకు చిన్నప్పటి సంది ఎరుకే.


రఘునాథపల్లి,
28 సెప్టెంబర్.

చిన్నబాపుకు,

నమస్కారాలు. మీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. "మర్చిపోకుంటె" అన్న చోట కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వెళ్ళిపోయాను. గౌరవనీయులైన అన్నగారి చేతి కాడి అయితేనే బండికి అందమని మీరు రాసినట్టు చదివాను.

బాపు అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. కాసేపటికి కొట్టంలో బాడిశ చప్పుడు మొదలైంది. రెండేళ్ళ తర్వాత ఆ చప్పుడు వినడం. అవ్వ బియ్యం ఏరుతున్నదల్లా చేట కింద పెట్టి వింటూ కూర్చుంది.

నాకు చిన్నప్పుడు చక్రాలకు పట్టా ఎక్కించే రోజు గుర్తొచ్చింది. వాకిట్లో పిడకల మంట, అందులో ఎర్రగా కాలే ఇనుప పట్టా. మీరూ బాపూ చెరోవైపు పట్టకారులతో ఎత్తి చక్రం మీద దింపేవారు. అవ్వ కడవతో నీళ్ళు పోసేది. ఒక్కసారిగా బుస్సుమని ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో మీరిద్దరూ కనిపించకుండా పోయేవారు. మీరిద్దరూ తిట్టుకుంటున్నది మాత్రం వినిపించేది. పిల్లలం దూరం నుంచే కేకలు పెట్టేవాళ్ళం. ఆ కేకలు పెట్టిన పిల్లల్లో నేనూ ఉన్నానంటే ఇప్పుడు నాకే నమ్మకం కలగదు.

కాడి దాదాపు అయిపోయింది. కొట్టం విప్పే మాట ఈ వారం బాపు ఎత్తలేదు.

ఇట్లు,
భవ్య

తా.క.: బాపు కొంచెం వేరేగా అర్థం చేసుకున్నాడేమో. "యాకడు దారికొచ్చిండు, బ్యాటరీ ఇడిసిపెట్టి ఎడ్లు కొంటున్నడు" అని హోటల్లో అందరికీ చెప్పాడట. ఎడ్లు ఏ రంగువని అవ్వ అడుగుతోంది.


మహబూబాబాద్,
3 అక్టోబర్.

బిడ్డ భవ్యకు,

దీవెనలు. కాడి తయారైందన్న ముచ్చట శిబిరంల మైకు పట్టుకొని చెప్పిన. "ఎడ్లబండ్లు తప్ప ఇంకోటి ముట్టని మా అన్న బ్యాటరీ బండికి ఒప్పుకున్నడు, తెలంగాణ రాకపోవుడేంది" అన్న. చప్పట్లు కొట్టిండ్రు. ఒగాయన ఏడ్సిండు గూడ. ఆయనకు కండ్ల జబ్బున్నదని ఎనుక తెలిసింది.

దసరా ఎల్లంగనే, తొమ్మిదో తారీఖు పొద్దుగాల బయలెల్తున్న. బస్సులు లెవ్వు, నా బండి మీదనే వస్త. తొర్రూరుల తెలిసినోళ్ళింట్ల రాత్రి చార్జింగ్ పెట్టుకొని తెల్లారి మీ వాకిట్ల ఉంట. పదిహేనేండ్ల తర్వాత ఇంటికొస్తున్న, అవ్వకు సకినాలు చెయ్యమను. పండ్లు రెండు ఊడినయ్, జర మెత్తగ చెయ్యమను.

ఉంట,
యాకయ్య

తా.క.: ఎడ్ల రంగు నీలం. ఎనుకకు పసుపుపచ్చ గీతలు, రెండు ఎర్ర లైట్లు. అవ్వకు గట్లనే చెప్పు.


రఘునాథపల్లి,
7 అక్టోబర్.

చిన్నబాపుకు,

నమస్కారాలు. దయచేసి రావద్దు. ఇలా రాయాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది.

తప్పు నాదే. బాపు అభిప్రాయమేమీ చెప్పలేదు. బాపు అన్న మాటలు ఇవి: "గా బ్యాటరీ డబ్బా నడిమిట్ల ఆగితె ఏం జేస్తడట యాకడు? ఎడ్లను కట్టి గుంజుకోమను!" అది నేను రాయలేకపోయాను. కాన్వెంట్ బడిలో సిస్టర్లు మాకు ఎవరినీ నొప్పించకుండా ఉత్తరం రాయడం నేర్పారు. ఎడ్లను కట్టి గుంజుకోమనడాన్ని నొప్పించకుండా రాస్తే అలా వచ్చింది.

ఇక్కడ బాపు మీ కొత్త ఎడ్ల కోసం పాకలో చోటు చేశాడు. కొత్త గడ్డి పరిచాడు. గాటికి తాడు కట్టి రెండుసార్లు లాగి చూశాడు. మీరు నీలం రంగు డబ్బాలోంచి దిగితే బాపు మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. తిట్టడు, అరవడు. ఒక్క మాట లేకుండా కొట్టం విప్పి, మర్నాడే భూపాలపల్లి పోతాడు. ఆ కొట్టం కోసమే నేను ఇదంతా చేశాను. దానివల్లే అది ఇంకా తొందరగా పోయేలా ఉంది.

క్షమించాలి,
భవ్య

తా.క.: ఇది మీరు బయలుదేరే ముందే అందాలని కోరుకుంటున్నాను. సకినాలు మాత్రం అయిపోయాయి. మెత్తగానే వచ్చాయి.


ఘన్‌పూర్ దాటినంక, రోడ్డు మీద,
10 అక్టోబర్.

బిడ్డ భవ్యకు,

దీవెనలు రాసేంత జాగ లేదు, సిగరెట్ డబ్బా అట్ట మీద రాస్తున్న. తొర్రూరుల రాత్రంత కరెంటు లేదు, చార్జింగ్ సగమే ఎక్కింది. బండి ఆగింది. నన్ను చూసి నవ్వుకుంట నిలబడ్డ పూల్‌సింగ్ అనే ఆయన మోటరు సైకిల్ మీద మీ దిక్కే వస్తున్నడు. ఈ అట్ట ఆయన తెస్తడు.

కాడి పంపు. ఎడ్లను గూడ పంపు. బండి ఆగిందని మాత్రం మీ బాపుకు చెప్పకు.

యాకయ్య

తా.క.: ఎడ్లు లేకుంట కాడి ఒక్కటే పంపకు. ఇక్కడ కట్టుకునేతందుకు నేను, పూల్‌సింగ్ తప్ప ఎవ్వలు లేరు.


రఘునాథపల్లి,
10 అక్టోబర్, మధ్యాహ్నం.

చిన్నబాపుకు,

నమస్కారాలు. పూల్‌సింగ్‌ను వాకిట్లో నిలబెట్టి రాస్తున్నాను. నా పోయిన ఉత్తరం మీకు అందలేదని అర్థమైంది.

అతను వచ్చినప్పుడు బాపు పక్కనే ఉన్నాడు. మీ అట్ట చూసి "ఏం రాసిండు?" అన్నాడు. చిన్నబాపు కొత్త ఎడ్లు ఘన్‌పూర్ దాటాక దారిలో అలిసిపోయాయట, మన ఎడ్లను అడుగుతున్నాడు అన్నాను. నాకు అంతకంటే మంచి అబద్ధం దొరకలేదు. పూల్‌సింగ్‌కు దగ్గు వచ్చింది. బాపు అతని మొహం చూశాడు, నా మొహం చూశాడు. కాడి భుజాన వేసుకున్నాడు, ఎడ్లను విప్పాడు, వెళ్ళిపోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ చెప్పులు పూల్‌సింగ్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

బాపు కోపంగా ఉన్నాడో లేదో నేను చెప్పలేను. వెనక నుంచి చూస్తే బాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాడు.

ఇట్లు,
భవ్య

తా.క.: కాడి బాగుందని మాత్రం అనండి. ఒట్టు ఉంది కనుక, ఎడ్లతోనైనా సరే.


మహబూబాబాద్,
14 నవంబర్.

బిడ్డ భవ్యకు,

చిన్నబాపు దీవెనలు. "ఆ రోజు రోడ్డు మీద ఏమైంది, బాపు చెప్తలేడు, మీరన్నా చెప్పండి" అని రాసినవ్. చెప్త.

పూల్‌సింగ్ ముందుగాల వచ్చి చెప్పులు, నీ ఉత్తరం ఇచ్చిండు. ఎనుకనే మీ బాపు వచ్చిండు. బండి సుట్టు తిరిగిండు. కొక్కెం ఊపి చూసిండు. కాడి పెట్టిండు, అచ్చంగ కూసున్నది. నువ్వు చెప్పినట్టే నేను కర్రెద్దు చెవుల చెప్పిన, "కాడి మంచిగున్నదిరా" అని. మీ బాపు ఎర్రెద్దును చూసి, "రబ్బరు టైర్లున్నయ్ గద, ఆగుడేందిరా?" అన్నడు. నేను కర్రెద్దుతోని, "ఆగింది టైర్లు కాదని చెప్పురా" అన్న. ఇగ గట్లనే రఘునాథపల్లి దాక. ఎడ్లకు పాపం చెవులు నొచ్చినయ్. మీ వాకిట్ల దిగినంక ఒగలను ఒగలం చూడకుంట ఎటో చూసినం గద, కోపమని నువ్వు భయపడ్డవ్. కోపం కాదు బిడ్డా. నవ్వొస్తాంది.

సగం తొవ్వల మీ బాపు ఎర్రెద్దుతోని ఏమన్నడో తెలుసా? "యాకడు నన్ను గౌరవనీయులైన అన్నగారు అన్నడట. నా బిడ్డ తిట్లను ఉతికి ఆరేసి పంపుతాంది, పాపం, దాని చేతులు నొస్తయ్." నేను ఎడ్లు కొంటలేనని ఆయనకు ముందుగాలే ఎరుక. మరి గడ్డి ఎందుకు పరిచిండంటవా? నేను వస్తున్ననని. ఎడ్ల పేరు చెప్పకుంటె ఆయనకు సిగ్గు.

నేనేం తక్కువ? మొదటి ఉత్తరంలనే నీ అబద్ధం పట్టిన. నా అన్నకు కోపమున్నది, ఆకలున్నది, అభిప్రాయం లేదు. గా కొక్కెం వెల్డింగ్ చేపిచ్చింది ఇంటికొచ్చేతందుకు ఏదో ఒక సాకు గావాలె గనుక. ఇద్దరం ఎరిగే ఉన్నం. ఏమీ ఎరుగనిదానివి నువ్వొక్కదానివే. నీ ఏడో తారీఖు ఉత్తరం ఇంటికొచ్చినంక చదివిన. చదివి శానా సేపు నవ్విన, ఎనుక నవ్వు రాలే.

నేను మీ ఇంట్ల ఉన్న దినాలల్ల మీ బాపు రేకు పీకేసి, పాత కచ్చురం బండి గూడు లెక్క సన్న చెక్కతోని, వెదురు బద్దలతోని కట్టిన బాడీ ఉన్నది సూడు, బండి గాలి లెక్క పోతాంది. మీ కాడికెళ్ళి తొర్రూరు దాక ఒక్క చార్జింగ్ మీద వచ్చిన. జనం ఆపి చెయ్యి పెట్టి చూస్తున్నరు. ఇంకో రెండు బండ్లు అడిగిండ్రు. ఇనుము పని ఇక్కడ నేను చేస్త, పై పని కొట్టంల మీ బాపు చెయ్యాలె. వచ్చే వారం పంపుతున్న. భూపాలపల్లి కాంట్రాక్టరుకు రానని చెప్పుమను. నొప్పియ్యకుంట నువ్వే రాయి, నీకు చాతనైతది.

ఫోను మాత్రం చెయ్యం. ఒట్టు రేగొండ కాడ పెట్టినం, రేగొండ కాడనే తియ్యాలె. ఫిబ్రవరిల మేడారం జాతర. అవ్వను, నిన్ను కొత్త బండ్లనే తీస్కపోత. బెల్లం ఎక్కువ కొనుమను, నువ్వు నాకేతందుకు.

ఉంట బిడ్డా,
చిన్నబాపు యాకయ్య

తా.క.: అప్పటిదాక మీ బాపు మాటలు రాసేటప్పుడు తిట్లన్నీ తీసెయ్యకు. ఒకటో రెండో ఉంచు. అన్న మాట్లాడినట్టుంటది.